పైన బతికినవాళ్లకు, కింద పోయినవాళ్లకు

మస్తానక్క పోయిందన్న సంగతి నాకు చేరడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కువైట్‌లో, దజీజ్‌లోని మా కార్గో ఆఫీసులో ఎవరిదో అట్టపెట్టెకు టేపు వేస్తున్నాను. ఫోను మోగింది. "ఈశ్వరి పిన్నీ, అమ్మ పోయింది" అని అక్క కూతురి గొంతు, వెనక ఆడవాళ్ల ఏడుపులు. కాసేపటికే ఫొటో వచ్చింది. తెల్లగుడ్డలో ముఖం ఒక్కటే కనిపిస్తోంది, చిన్నపిల్ల ముఖంలా అయిపోయింది. ఆ తర్వాత ముక్కూమొహం తెలియని ఎవరో కుర్రాడు మట్టి చేసేది ఎన్ని గంటలకో, రాయచోటిలో ఏ దారిన రావాలో కూడా గ్రూపులో పెట్టాడు. పెట్టె తాలూకు ఆయన ఎదురుగా నిలబడి, లోపల గాజు సామాను ఉందమ్మా, జాగ్రత్త అంటున్నాడు. జాగ్రత్తగానే కట్టాను. కట్టి, పక్కగదిలోకి వెళ్లి, ఖాళీ పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను. వెంటనే తెలిసినందుకు మేలే అనుకోవాలి. మస్తానక్కకు తన సొంత చెల్లెలు పోయిన సంగతి ఐదు రోజులకు గానీ తెలియలేదు. తెలియకుండా చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నేను రాజంపేట దగ్గర పల్లెనుంచి కువైట్ సబా అల్ సలేంలో ఒక ఇంట్లో పనికి వచ్చేనాటికి నాకు ఇరవై ఏళ్లు. ఇంటర్ పాసయ్యాను గనుక నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు. అదే నా గొప్ప. మస్తానక్క అప్పటికే పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో ఉంది. ఇంటి యజమానురాలిని మేమిద్దరం, అరబ్బీలో అమ్మా అన్నట్టు, మామా అనే పిలిచేవాళ్లం. ఆవిడ మనసులో ఏముందో ఆవిడకంటే ముందు అక్కకే తెలిసేది. పొద్దున లేస్తూనే వంటగదిలో ఎండు నిమ్మకాయలు వేసి ఉడికించే మాంసం వాసన, హాల్లోంచి సాంబ్రాణిలాంటి బఖూర్ పొగ. ఆ రెండూ కలిసి మా బట్టల్లోకి, జుట్టులోకి, చివరికి మేం తినే అన్నంలోకి కూడా దిగేవి. మొదటి నెల ఆ వాసనకు నాకు ముద్ద దిగేది కాదు. అక్క నా పళ్లెంలో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కొంచెం పెట్టి, "దీన్ని ముక్కు కాడ పెట్టుకోని తిను మే, అంతా దిగిపోతాది" అనేది. నిజంగానే దిగిపోయేది.

మగవాళ్లు తొడుక్కునే తెల్లటి పొడుగు దిష్‌దాషాలు ఇస్త్రీ చేయడం నా పని. వంట, పిల్లలు అక్క పని. ముగ్గురు పిల్లల్లో కడగొట్టుది దలాల్. దానికి అయిదేళ్లు. అక్క చంకలోనే పెరిగింది. కోపం వస్తే ఆ పిల్ల "పో మే" అని మా కడప యాసలోనే అరిచేది. వాళ్లమ్మ నవ్వేది. అక్కకు చదువు రాదు. ఉత్తరాలు నేనే రాసిపెట్టేదాన్ని, వచ్చినవి నేనే చదివేదాన్ని. ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేది, నేను ఇస్త్రీ బల్ల మీద పెట్టుకుని రాసేదాన్ని. అన్నీ చెల్లెలు నూర్జకే. అక్క కూతుర్ని రాయచోటిలో పెంచుతున్నది ఆ నూర్జే. "పిల్లకు తలకు నూనె బెట్టు, ఎండలో తిప్పాకు, నువ్వు గూడా టయానికి తిను" అని ప్రతి ఉత్తరంలోనూ ఇవే మాటలు. నేను వాటినే కాస్త అటూ ఇటూ మార్చి రాసేదాన్ని. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఆ ఏడు వేసవికి ముందు నూర్జకు కామెర్లని కబురొచ్చింది. ఆకుపసరు తాగిస్తున్నారని, తగ్గుతోందని రాశారు. అక్క ఆ ఉత్తరాన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది.

ఎండలు ముదిరితే కువైట్ ఇళ్లవాళ్లు చల్లటి దేశాలకు పోతారు. పిల్లలున్న ఇళ్లలో పనివాళ్లను కూడా వెంట తీసుకుపోవడం మామూలే. పిల్లలు మారాం చేస్తే ఎత్తుకోవడానికి, హోటల్ గదిలోనే చిన్న కుక్కర్లో అన్నం వండిపెట్టడానికి మనుషులు కావాలి కదా. ఎయిర్‌పోర్టులో మా పాస్‌పోర్టులు మా చేతికిస్తారు, అధికారి ముద్ర వేయగానే మళ్లీ తీసేసుకుని సంచిలో వేసుకుంటారు. ఆ ఏడు మామా ఎవరి మాట వినిందో బల్గేరియా అంది. ఆ పేరు నేను భూగోళం పుస్తకంలో కూడా చదివిన గుర్తు లేదు. అక్క మాత్రం "యాడికైతే ఏం మే, యాడైనా గిన్నెలు గిన్నెలే" అంది.

అక్కడికి చేరిన మూడో రోజు, బస్సెక్కి పాత కోటలు చూసే టూరు పెట్టుకున్నారు. ముందురోజే హోటల్లో దాని కాగితం చూశాను. కొండ, కొండ చుట్టూ మెలికలు తిరిగిన నది, మీద కోటగోడ. అప్పటిదాకా నేను చూసిన ప్రపంచం మా పల్లె, మద్రాసు విమానాశ్రయం, సబా అల్ సలేం మేడ మీది నీళ్ల ట్యాంకులు. ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ పొద్దున అక్క కింద పిల్లలకు పాలు తాగిస్తోంది. మామా నన్ను తన గదిలోకి "తాలీ", ఇటు రా అని పిలిచి తలుపు వేసింది. కువైట్ నుంచి వాళ్లాయన ఫోన్ చేశాడట. అక్క మరిది అక్కడే నీళ్ల ట్యాంకరు తోలేవాడు. అతను తెల్లవారకముందే ఇంటికి వచ్చి చెప్పి వెళ్లాడట. నూర్జ ఆ రాత్రే పోయింది. తమ్ముడు బెంగళూరు నుంచి రావాలి గనుక సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక మట్టి చేస్తారు. మామా కళ్లల్లో నీళ్లున్నాయి. ఆవిడ చెడ్డమనిషి కాదు, ఇప్పటికీ అంటాను. "ఇప్పుడు చెబితే ఆమె ఏం చేయగలదు? ఇక్కడినుంచి నేనెలా పంపను? టికెట్లు అయిదు రోజుల తర్వాత, అందరికీ కలిపి ఉన్నాయి. దలాల్ భయపడుతుంది. కువైట్ పోయాక నేనే చెబుతాను. నువ్వు నోరు విప్పకు" అంది. "జైన్, మామా" అన్నాను. సరే అని.

ఎందుకన్నాను? పనిమనిషిని కదా, ఎదురు చెప్పగలనా అని ఇన్నేళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఇప్పుడు చెబితే అక్క గుండెలు బాదుకుంటుంది, టూరు ఆగిపోతుంది, నేను ఆ కొండా ఆ నదీ చూడలేను. ఇరవై ఏళ్ల ఆడపిల్లకు ఒక్క రోజు సరదా మీద అంత ఆశ ఉంటుందా అంటే, ఉంటుంది. నాకుంది. సిగ్గుతోనే చెబుతున్నాను. మెట్లు దిగుతుంటే అక్క ఎదురొచ్చి, "ముకమేంది మే అట్ల వాడిపోయింది, రాత్రి నిద్ర ల్యా?" అని నా చెంప నిమిరింది.

చిన్న బస్సులో మేం ఆరుగురం, డ్రైవరు, గైడు. గైడు జుట్టు నెరిసిన పెద్దాయన. వయసులో ఉండగా లిబియాలో రోడ్లు వేసే కంపెనీలో పనిచేశాడట, అరబ్బీ గడగడా మాట్లాడేవాడు. అక్కను, హజ్ చేసివచ్చిన పెద్దామెను పిలిచినట్టు, హజ్జా అని గౌరవంగా పిలిచాడు. అక్క పొంగిపోయింది. వెలికో తర్నోవో అనే ఊరు చేరి వీధుల్లో నడుస్తుంటే ఇళ్ల తలుపుల మీద, కరెంటు స్తంభాల మీద, చెట్ల మొదళ్ల మీద కూడా చిన్న చిన్న కాగితాలు. వాటి మీద మనుషుల ఫొటోలు. "ఏంది మే, ఈడ గూడా ఎలెక్షన్లా?" అంది అక్క. అరబ్బీలో గైడును అడిగింది కూడా. ఆయన తల అడ్డంగా ఊపి, కాదు హజ్జా, వీళ్లంతా చనిపోయినవాళ్లు, ఇంట్లో మనిషి పోతే అందరికీ తెలియడానికి ఇలా అంటిస్తాం, మళ్లీ నలభయ్యో రోజున ఇంకోటి అంటిస్తాం అన్నాడు. "మన మాదిరే నలభై దినాలు జేస్తారంట మే" అని అక్క ఆశ్చర్యపోయింది. ఒక తలుపు ముందు ఆగి, అందులోని ముసలమ్మను చూసి, పాపం అంది. అక్కడ దారినపోయే ప్రతివాడికీ ఫలానా మనిషి పోయిందని తెలుస్తోంది. నా పక్కన నడుస్తున్న మనిషికి మాత్రం తెలియదు.

త్సారెవెత్స్ కోట నేను కాగితంలో చూసినదానికంటే పెద్దది. రాతి వంతెన దాటి, మూడు ద్వారాలు దాటి పైకెక్కాలి. కింద యంత్రా అనే నది పాములా చుట్టుకుని పోతోంది. గాలి చల్లగా, గడ్డి వాసనతో ఉంది. అంత పచ్చదనం చూసి నా కాళ్లు తేలిపోయాయి. ఆ తేలిపోవడం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం. ఒక మూల బురుజు చూపించి, పరాయిదేశం నుంచి దండెత్తి వచ్చిన చక్రవర్తిని యుద్ధంలో పట్టి అందులోనే బంధించారని, ఆయన మళ్లీ తన దేశం చూడనే లేదని గైడు చెప్పాడు. అక్క బురుజు వైపు తేరిపార చూసి, "రాజుకు గూడా కఫీలు ఉండాడు సూడు! పాస్‌పోర్టు పెరుక్కోనుంటారు పాపం" అంది. కఫీలంటే మమ్మల్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని. మామాకు తెలుగు రాదు గాబట్టి సరిపోయింది. నేను నవ్వాను. ఆ రోజు నవ్వాను కూడా. ఆ తర్వాత కొండ చివర ముందుకు పొడుచుకొచ్చిన బండ చూపించాడు. రాజద్రోహుల్ని దాని మీదనుంచే నదిలోకి తోసేవాళ్లట. పిల్లలు కేరింతలు కొడుతూ చివరిదాకా పరిగెత్తారు. అక్క దలాల్ చెయ్యి పట్టి వెనక్కి లాగుతూ, "ఈశ్వరీ, నువ్వు గూడా ఇట్రా మే, ఆడ అంచున నిలబడాకు" అని నన్ను కూడా పిలిచింది.

అన్నాలకు ముందు ఊరి బయట ఒక పాత మఠానికి తీసుకెళ్లారు. మామా లోపలికి రాలేదు. చర్చిలోకి తాను రానని, మీరు చూసి రండి అని పిల్లలతో చెట్టు నీడన కూర్చుంది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. గోడలనిండా, కప్పునిండా బొమ్మలు. పొగకు నల్లబడ్డ ముఖాల్లో కళ్లు మాత్రం మెరుస్తున్నాయి. మైనం వాసన. అక్క గడప దగ్గరే చెప్పులు విప్పేసింది. "మన దర్గా మాదిరే ఉండాది మే" అంది మెల్లగా. మా కడప జిల్లాలో దర్గాకు అందరమూ పోతాం, ఎవరి దేవుడు ఎవరని అడగరు. అక్కకు అక్కడా అలాగే అనిపించింది. గైడు సన్నటి మైనపు వత్తులు రెండు తెచ్చి మాకు తలొకటి ఇచ్చాడు. కావాలంటే మీవాళ్ల కోసం వెలిగించుకోండి అన్నాడు.

అక్క తల మీద కొంగు సరిచేసుకుంది. అక్కడ ఇత్తడి దీపపు పీట ఉంది. పైన పళ్లెం, కింద ఇసుక పోసిన తొట్టి. దర్గాలో దీపమైనా ఊదొత్తయినా కిందే, సమాధి పాదాల దగ్గరే పెడతాం. నెత్తికంటే ఎత్తున పెట్టాలని మాకు తోచదు. అక్క నేల మీద గొంతుక్కూర్చుని, వత్తి వెలిగించి కింద ఇసుకలో గుచ్చింది. రెండు చేతులూ చాచి దువా చేసింది. "యా అల్లా, మా నూర్జకు కామెర్లు దిగాల. నేను పొయ్యేసరికి అది లేచి తిరగతా ఉండాల" అని పైకే అంది. ఆ మాటలు నా చెవులతో విన్నాను. గైడు గబగబా వచ్చాడు. "లేదు హజ్జా, అక్కడ కాదు. కింద పోయినవాళ్లకు, పైన బతికినవాళ్లకు. మీరు ఎవరి కోసం?" చెల్లెలి కోసం, బతికే ఉంది, బతికే ఉంది అని అక్క కంగారుగా లేచింది. ఆయన వంగి ఇసుకలోంచి వత్తిని లాగాడు. లాగేసరికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించి అక్క చేతికిచ్చాడు. అక్క మునివేళ్ల మీద నిలబడి దాన్ని పై పళ్లెంలో, బతికినవాళ్ల మధ్య గుచ్చింది.

అక్క మొదట పెట్టిందే సరైన చోటు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నా వత్తిని ఏం చేయాలో తోచక, వెలిగించకుండానే కిటికీ గట్టు మీద పెట్టి బయటికి వచ్చేశాను.

కువైట్ చేరిన రోజు హాల్లో పెట్టెలు ఇంకా విప్పకముందే మామా చెప్పింది. అక్క అరవలేదు. మెట్ల మీద కూర్చుని, ఎప్పుడని అడిగింది. గురువారం అన్నారు. టూరు పోయిన రోజే కదా అని వేళ్లు లెక్కపెట్టుకుని, నావైపు తిరిగి, "నీకెప్పుడు తెల్సు మే?" అంది. "ఇప్పుడే అక్కా, నీతోబాటే" అన్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మామా నావైపు చూసి లోపలికి వెళ్లింది. అక్క ఆ సాయంత్రం కూడా పిల్లలకు అన్నం పెట్టింది.

నెలలు గడిచాక, ఒకరోజు ఎండు నిమ్మకాయలు పొడి చేస్తూ అక్క అంది. "నేనే సంపుకున్నా మే దాన్ని." నాకు అర్థం కాలేదు. "బతికిండేదాన్ని సచ్చినోళ్లలో పెట్నా కదా. ఆయప్ప పెరికేసరికి ఆరిపాయ. ఆ గడియలోనే దాని పానం పోయింటాది." నూర్జ పోయిన దినం అక్కకు తెలుసు, గడియ ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా అనుకోలేదు. ఆ గడియ ఏదో తనకే తెలుసని నమ్మింది. కాదక్కా, అంతకు ముందు రాత్రే పోయింది, మనం బస్సెక్కకముందే పోయింది అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాటతో పాటు, ఆ పొద్దునే నాకు తెలుసునన్న మాట కూడా బయటికొస్తుంది. ముకమేంది మే అని నా చెంప నిమిరిన చెయ్యి ఆమెకు గుర్తొస్తుంది. "ఏం మాటలక్కా అవి, ఊరుకో" అన్నాను. ఉత్తరాలు రాయడం ఆగిపోయింది. కూతుర్ని హాస్టల్లో వేశారు. అక్క ఆ తర్వాత ఎక్కడ దీపం కనిపించినా పెట్టేది కాదు. దర్గాకు పోయినా దూరంగా నిలబడి వచ్చేసేదట.

ఇప్పుడు పనిచేసే పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఊళ్లో కుక్క అరిస్తే ఇక్కడ వినిపిస్తుంది. మామాలకంటే ముందే వాళ్లకు అన్నీ తెలుస్తాయి. మంచి కబురు, చెడ్డ కబురు, వంట మధ్యలో, ఇస్త్రీ మధ్యలో. మా ఆఫీసుకొచ్చే ఒక పిల్ల తన తండ్రి మట్టి అంతా ఫోన్లోనే చూశానంది. ఏది నయమో నేను చెప్పలేను. అప్పుడు ఒక మనిషి నోరు మూసుకుంటే ఒక చావు ఐదు రోజులు ఆగేది. ఇప్పుడు ఎవరు నోరు మూసుకున్నా ఆగదు. ఆ లెక్కన ఇప్పటివాళ్లు అదృష్టవంతులే అనుకుంటాను. వాళ్లకు నాలాంటి మనిషి పక్కన ఉండే అవసరం లేదు.

పోయిన సెలవులో రాయచోటి వెళ్లి అక్కను చూశాను. షుగరుతో కాలి రెండు వేళ్లు తీసేశారు. మంచానికే పరిమితమైంది. ఈసారి చెప్పేయాలనే దారి పొడుగునా అనుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నమంతా మంచం పట్టె మీద కూర్చున్నాను. దలాల్‌కు పెళ్లయిందని చెబితే నవ్వింది. కూతురు టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక అక్క నా మణికట్టు పట్టుకుంది.

"రేపు నేను పోతే ఆడ నూర్జ అడగతాది కదా మే. దానికేం సెప్పాల?"

"నీ తప్పేం లేదని చెప్పు అక్కా. నీ తప్పు రోంత కూడా లేదు."

అక్క తల తిప్పి నా ముఖంలోకి చూసింది. అంత నిదానంగా ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు. పొయ్యి మీద టీ పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నీకెట్ల తెల్సు మే?" అంది.

చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ఎదురుచూస్తోంది.

"ఊరికే అన్నాలే అక్కా" అన్నాను.